మన మేడ మీది ఆకాశం

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో మా వయసు వాళ్లం రాసేది దాదాపు ఒకటే. కష్టపడి చదవండి, సెల్‌ఫోన్ పక్కన పెట్టండి, పోటీ పరీక్షలు రాయండి, అమ్మానాన్నల కష్టం మరచిపోకండి అని. అన్నీ నిజాలే, నేనూ కాదనను. కానీ ఈసారి సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఒక పాత రేడియో. దాని గురించి చెప్పి, దాని మీదుగా ఒక విన్నపం చేయాలని ఇది రాస్తున్నాను.

1996లో నేను ఎనిమిదో తరగతి. మా నాయన రైసు మిల్లులో హమాలీ. మిల్లు గుమాస్తా పారేయబోయిన రెండు బ్యాండ్ల రేడియో ఒకటి అడిగి తెచ్చి నాకిచ్చాడు. వెనక మూత లేదు, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేవాణ్ణి. ట్రంకు పెట్టెలో బట్టల అడుగున దాచి, రాత్రి స్టడీ అవర్ అయ్యాక నలుగురం ఒకే దుప్పటి కప్పుకొని వినేవాళ్లం. మీడియం వేవ్‌లో విజయవాడ, మద్రాసు, సిలోన్ వచ్చేవి. షార్ట్‌వేవ్‌కు మారిస్తే దేశదేశాల భాషలు. అందులో 41 మీటర్ల బ్యాండు చివర ముల్లు పెడితే ఒక వింత గొంతు వినపడేది. బాతు అరిచినట్టుండే మాటలు. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో ఒక్క ముక్క తెలియదు. శత్రు దేశపు గూఢచారులని ఒకడు, దయ్యాలని ఇంకొకడు. హాస్టల్ శ్మశానం పక్కనే కాబట్టి రెండో మాటకే బలం ఎక్కువ.

ఒకరోజు ఎవరో చెప్పేశారు. వార్డెన్ సార్ వచ్చి రేడియో తీసుకున్నారు. ఆయన చెడ్డవారు కాదు. నాకు జ్వరమొస్తే సైకిల్ మీద కూర్చోబెట్టుకొని ఆస్పత్రికి తీసుకెళ్లిన మనిషే. అయితే ఆ రోజు ఆయనన్న మాట మాత్రం నాలో ఉండిపోయింది. "చదువుకోడానికి వచ్చారు. మీకెందుకురా ఇవన్నీ?" రేడియో స్టాకు గదిలో బియ్యం బస్తాల పక్కకు చేరింది. వేసవి సెలవులకు ఇంటికెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చారు. బ్యాటరీలు కారి స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టిపోయి ఉన్నాయి. మళ్లీ పలకలేదు.

ఆ బాతు గొంతు ఎవరిదో నాకు డిగ్రీలో తెలిసింది. వాళ్లు హామ్‌లు, అంటే అమెచ్యూర్ రేడియో వాళ్లు. వ్యాపారానికి కాకుండా, జీతానికి కాకుండా, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో సొంత రేడియో స్టేషన్ పెట్టుకొని ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు. తక్కువ పవరుతో ఎక్కువ దూరం పోవడానికి వాళ్లు సింగిల్ సైడ్ బ్యాండ్ అనే పద్ధతి వాడతారు. అందులో మోసుకెళ్లే తరంగాన్ని తీసేసి మాట ఉన్న ఒక పక్కను మాత్రమే పంపుతారు. ఆ తీసేసిన తరంగాన్ని మన రేడియోలో మళ్లీ కలిపితేనే మాట తెలుస్తుంది. మామూలు రేడియోలో ఆ ఏర్పాటు ఉండదు కనుక బాతు అరుపు వినపడుతుంది. ఇంతే రహస్యం. ఈ నాలుగు వాక్యాలు చెప్పేవాళ్లు ఆ రాత్రి మా దుప్పటి దగ్గర ఒక్కరున్నా ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ హామ్ రేడియోలో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. గాలిలో మనిషికి పేరు కంటే ముందు కాల్‌సైన్ ఉంటుంది. మన దేశంలో అది ఎక్కువగా వీయూ2 అనో వీయూ3 అనో మొదలవుతుంది. ప్రధానమంత్రిగా చేసిన రాజీవ్ గాంధీ కూడా గాలిలో వీయూ2ఆర్‌జీ. అవతలివాడు అడిగేది నీ సిగ్నల్ ఎలా ఉంది, నీ యాంటెన్నా ఏమిటి, మీ ఊళ్లో వాతావరణం ఎలా ఉంది అని. మీ ఇంటి పేరేమిటి, మీరు ఊళ్లో ఏ వైపు ఉంటారు అని అడగడు. ఆ ప్రశ్నలు ఎక్కడికి దారితీస్తాయో మన హాస్టల్‌లో చదివిన వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అలాగని ఇదంతా సమానత్వపు లోకం అని నేను చెప్పబోవడం లేదు. మంచి ట్రాన్స్‌మీటర్ సెట్టు కొనాలంటే వేలకు వేలు కావాలి. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. అన్నిటికంటే ముందు యాంటెన్నా కట్టడానికి సొంత మేడ కావాలి. మనవాళ్లకు పట్నంలో ఇల్లు అద్దెకు దొరకడమే గగనం. దొరికినా ఇంటి యజమాని మేడ మెట్లెక్కనివ్వడు. తరంగాలు అందరి ఇళ్ల మీదుగా పోతాయి, పట్టుకునే వీలు మాత్రం కొందరికే ఉంటుంది.

నాకే జరిగింది చూడండి. 2005 మే 5న ఉదయం శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 ఎగిరింది. అక్కడి రెండో ప్రయోగ వేదిక నుంచి ఎగిరిన మొదటి రాకెట్ అది. రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు కూడా చూడడానికి వచ్చారు. నేను డిగ్రీ పూర్తి చేసి బీఎడ్ సీటు కోసం చూస్తూ ఇంటి దగ్గరే ఉన్నాను. పొలం గట్టు మీద నిలబడి ఆ పొగ గీత చూశాను. మరుసటి రోజు పేపర్లో చదివితే అందులో కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ అనే 42.5 కిలోల చిన్న ఉపగ్రహం కూడా వెళ్లిందని తెలిసింది. ప్రపంచంలోని హామ్‌లందరూ ఉచితంగా వాడుకోవడానికి మన ఇస్రో ఇచ్చిన కానుక అది. 435 మెగాహెర్ట్జ్ దగ్గర పంపిన మాటను అందుకొని 145 మెగాహెర్ట్జ్ దగ్గర కిందికి పంపేది. అందులో రెండు ట్రాన్స్‌పాండర్లుంటే ఒకటి మనవాళ్లు చేసింది, రెండోది నెదర్లాండ్స్‌కు చెందిన ఒక హామ్ చేసింది. దేశదేశాల వాళ్లు తొమ్మిదేళ్లు దాని ద్వారా మాట్లాడుకున్నారు. 2014 జూలైలో బ్యాటరీ చెడి అది మూగబోయింది. మా ఊరి మీదుగా ఎగిరివెళ్లిన ఆ ఉపగ్రహాన్ని ఆ తొమ్మిదేళ్లలో నేను ఒక్కసారి కూడా వినలేదు. నా దగ్గర రిసీవర్ లేదు. "మీకెందుకురా" అనే మాట మనిషిని ఎంత దూరం ఆపుతుందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు చరిత్ర కొంచెం చూద్దాం. ఉపగ్రహాలను వినడం పెద్ద పెద్ద శాస్త్రవేత్తల పని అనుకుంటాం. మొదటి నుంచీ అందులో మామూలు మనుషుల పాత్ర ఉంది. 1957 అక్టోబరు 4న సోవియట్ వాళ్లు స్పుత్నిక్‌ను పంపినప్పుడు అది 20 మెగాహెర్ట్జ్ దగ్గర బీప్ బీప్ అంటుంటే ఎన్నో దేశాల హామ్‌లు ఇంట్లో కూర్చొని విన్నారు. నాలుగేళ్లకే, 1961 డిసెంబరు 12న, అమెరికా హామ్‌లు తామే ఆస్కార్-1 అనే ఉపగ్రహం తయారుచేసి వేరే రాకెట్‌లో చోటు అడిగి పంపించారు. అది మోర్స్‌లో పంపింది రెండే అక్షరాలు, హెచ్, ఐ. నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. అంటే 'హాయ్' అని. 28 దేశాల నుంచి 570 మందికి పైగా విన్నామని రాసి పంపారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఒక బడిది. ఇంగ్లండ్‌లో కెటరింగ్ అనే చిన్న పట్నం. అక్కడి గ్రామర్ స్కూల్లో జెఫ్రీ పెర్రీ అనే ఫిజిక్స్ మాస్టారు, డెరెక్ స్లేటర్ అనే కెమిస్ట్రీ మాస్టారు ఉండేవారు. ఒక మామూలు రిసీవర్‌తో పిల్లలను కూర్చోబెట్టి సోవియట్ ఉపగ్రహాల సిగ్నళ్లు వినిపించి, ఏ టైముకు వచ్చింది, ఏ టైముకు పోయింది అని పుస్తకంలో రాయించేవారు. 1966 మార్చిలో కాస్మాస్-112 అనే ఉపగ్రహం వచ్చింది. దాని దారి అంతకు ముందు వాటి దారిలా లేదు. ఎక్కడో తేడా ఉందని రాసిపెట్టుకున్నారు. అక్టోబరులో కాస్మాస్-129 వచ్చింది. ఈ రెండింటి దారులను పటం మీద వెనక్కి గీసుకుంటూ పోతే రెండూ కలిసిన చోటు సోవియట్ ఉత్తర భాగంలోని ప్లెసెట్స్క్. అక్కడొక రాకెట్ ప్రయోగ కేంద్రం ఉందని బయటి జనానికి అప్పటిదాకా తెలియదు. సోవియట్ ప్రభుత్వం దాన్ని ఒప్పుకున్నది 1983లో. పదిహేడేళ్ల ముందే ఒక బడి పిల్లలు, ఒక రిసీవర్, ఒక నోటు పుస్తకం కలిసి కనిపెట్టేశాయి. అందులో ఖరీదైన వస్తువు ఏదీ లేదు. విసుగు లేకుండా రోజూ రాసుకోవడమే వాళ్ల బలం.

మన ఊళ్ల కథ కూడా తక్కువేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో మన ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపింది. దాన్ని సైట్ కార్యక్రమం అంటారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు వైపు పల్లెల్లో తెలుగు కార్యక్రమాలు నేరుగా ఉపగ్రహం నుంచే దిగాయి. కరెంటు బల్బు కూడా సరిగా చూడని జనం ఆకాశం నుంచి వచ్చిన బొమ్మ చూశారు. ఆ డిష్ దేనితో చేశారనుకున్నారు? కోళ్ల దొడ్డికి కట్టే ఇనుప జాలితో. కోళ్ల జాలితో ఉపగ్రహాన్ని అందుకున్న గడ్డ మనది.

ఆపదలో దీని విలువ వేరే. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ గారి బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. అండమాన్ నుంచి హామ్ రేడియో పలకడం చాలా ఏళ్ల తర్వాత అదే. సరదాగా పెట్టిన స్టేషన్ అది. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. అంతే, ఆ సరదా స్టేషనే అత్యవసర స్టేషన్ అయింది. మావాళ్లు బతికున్నారా అని దేశం నలుమూలల నుంచి అడిగినవాళ్లకు కబురు అందించింది ఆ గొంతులే. తర్వాత కార్ నికోబార్ నుంచి కూడా పలికారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు సెల్ టవర్లు ఎలా మూగబోయాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టవరు పడితే చేతిలోని ఫోను ఇటుకరాయితో సమానం. బ్యాటరీ, తీగ, తెలివి ఉన్న హామ్ పలుకుతూనే ఉంటాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇప్పుడు వినడానికి లక్షలు అక్కర్లేదు. కంప్యూటర్‌కు పెట్టుకొని టీవీ చూసే చిన్న డాంగిల్‌ను అన్నిరకాల సిగ్నళ్లకూ రిసీవర్‌గా వాడొచ్చని 2012 ప్రాంతంలో హాబీ వాళ్లే కనిపెట్టారు. రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతుంది. నేనిప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. మొదట అమెరికా వాతావరణ ఉపగ్రహాలు నోవా-15, 18, 19 విన్నాం. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి టిక్ టాక్, టిక్ టాక్ అంటూ సెకనుకు రెండు గీతల చొప్పున బొమ్మ పంపేవి. వాటి ట్రాన్స్‌మీటర్ పవరు ఐదు వాట్లే. హాస్టల్ వరండాలో రాత్రంతా వెలిగే జీరో బల్బు కూడా అంతకంటే ఎక్కువే తింటుంది. మధ్యలో కొండా గోడా లేదు కనుక అంత తక్కువ పవరు కూడా మనదాకా వస్తుంది. ఆ మూడింటినీ 2025లో ఆపేశారు. జూన్‌లో ఒకటి, ఆగస్టులో రెండు. పిల్లలు మనిషి పోయినంత బాధపడ్డారు.

తర్వాత రష్యా వాళ్ల మీటియర్ ఉపగ్రహాలకు మారాం. అవి 137.1 లేదా 137.9 మెగాహెర్ట్జ్‌లో డిజిటల్ బొమ్మలు పంపుతాయి. యాంటెన్నా లెక్క తొమ్మిదో తరగతి పిల్లలే వేశారు. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. ఇక్కడ సుమారు 2.18 మీటర్లు. అందులో నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ, 53 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు, పాత టీవీ యాంటెన్నా నుంచి కోసినవి, 120 డిగ్రీల కోణంలో చెక్కకు బిగించాం. మొదటి మూడు రోజులు ఏమీ రాలేదు. సాఫ్ట్‌వేర్ తప్పేమో, కడ్డీ తప్పేమో అని తలలు పట్టుకున్నాం. చివరికి ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ చార్జర్ ప్లగ్గు పీకేసింది. రొద ఒక్కసారిగా తగ్గింది. దొంగ చార్జర్‌లోనే ఉన్నాడు. ఆ ఉదయం గీత గీతగా బొమ్మ దిగింది. కింద నీటిచుక్కలా శ్రీలంక, పక్కన బంగాళాఖాతం మీద మబ్బులు. "సార్, పులికాట్!" అని అదే అమ్మాయి వేలు పెట్టి చూపించింది. ఆ అమ్మాయి వాళ్ల నాయన ఆ సరస్సులోనే చేపలు పడతాడు. టీవీలో వాతావరణ బొమ్మ రోజూ చూస్తాం. కానీ తన చేత్తో కోసిన కడ్డీలోకి దిగిన బొమ్మలో తన ఊరి సరస్సు చూసుకున్న ఆ పిల్ల ముఖం నేను వేరే ఏ ల్యాబ్ పీరియడ్‌లోనూ చూడలేదు. డాప్లర్ ప్రభావం నేను ఇంటర్‌లో బట్టీ పట్టాను. వాళ్లు స్క్రీన్ మీద సిగ్నల్ గీత జరుగుతుంటే కళ్లతో చూసి నేర్చుకున్నారు.

హాస్టల్‌లో తలుపులకు గడియలు లేవు, మెనూ ప్రకారం గుడ్డు రాదు, ఇప్పుడు రేడియోలా అని కొందరు మిత్రులు అంటారు. వాళ్ల కోపం న్యాయమైనదే. గడియ కోసం అడగాలి, గుడ్డు కోసం అడగాలి, కాస్మెటిక్ చార్జీల కోసం అడగాలి. అవి మన హక్కులు. కానీ అన్నీ అయ్యాకే ఆకాశం అంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. అన్నం పెట్టాం, పడక ఇచ్చాం, ఇక చాలదా అనేవాళ్లకు మనమే బలం ఇచ్చినట్టవుతుంది. మన పిల్లలకు కావలసింది కడుపు నిండడం ఒక్కటే కాదు కదా.

ఇంకొందరు దీనితో ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. వస్తుందని నేను మాట ఇవ్వను. అబద్ధం చెప్పి ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే ఒకటి చూడండి. 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి ఆజాదీశాట్ చేశారు. 2022 ఆగస్టు 7న రాకెట్ సరైన కక్ష్యకు చేర్చలేక అది పోయింది. మళ్లీ ప్రయత్నం జరిగి 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 శ్రీహరికోట నుంచే కక్ష్యకు చేరింది. 2025 జూలైలో మన శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో ఉండి హామ్ రేడియోలో మన దేశపు విద్యార్థులతో మాట్లాడారు. ఇలాంటి అవకాశం వచ్చినప్పుడు ఎవరి పేరు ముందు వస్తుంది? అప్పటికే వినడం అలవాటున్న బడి పేరే.

మనకున్న ఒక మేలు కూడా చెప్పాలి. మన హాస్టళ్లు ఊరికి దూరంగా, శ్మశానం పక్కన, చెరువు కట్ట కింద కట్టారని మనం ఎప్పుడూ బాధపడతాం. బాధపడాల్సిందే. కానీ రేడియో వినేవాడికి పట్నం కంటే అదే మంచి చోటు. మోటార్ల, ఎల్ఈడీ దీపాల, చార్జర్ల రొద తక్కువ. చుట్టూ భవనాలు లేవు, నలువైపులా ఆకాశం కనబడుతుంది. పైగా యజమాని ఎవరూ అడ్డు చెప్పని మేడ ఒకటి ఉంది. మనల్ని దూరంగా నెట్టిన చోటనే ఆకాశం బాగా వినపడుతుందంటే, దాన్ని వాడుకోకపోవడం మన తప్పే అవుతుంది.

కాబట్టి నా సూచనలు ఇవి. ప్రతి హాస్టల్‌లో ఒక వినే బృందం పెట్టుకుందాం. డాంగిల్, కడ్డీలు, వైరు కలిపి నాలుగైదు వేలు దాటదు. పాత విద్యార్థులం తలా కొంత వేసుకుంటే సరిపోతుంది. కంప్యూటర్ ట్యూటర్ రూములోని పాత ల్యాప్‌టాప్ చాలు. అంతరిక్ష కేంద్రం అప్పుడప్పుడు 145.800 మెగాహెర్ట్జ్‌లో బొమ్మలు పంపుతుంది, వాటిని ఫోన్‌లోని రోబోట్36 యాప్‌తోనే చూడొచ్చు. రెండోది, ఒక రిజిస్టరు. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, విన్నది, విన్నవాళ్ల పేర్లు. రానిరోజున రాలేదని రాయాలి. మూడోది, హద్దు. పోలీసు, ఇతరుల సొంత మాటలు మనకు వద్దు. లైసెన్సు లేకుండా ఒక్క సెకను కూడా ప్రసారం చేయకూడదు, అది నేరం. లైసెన్సుకు పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. హాస్టల్ నుంచి ఏటా నలుగురైనా రాయాలి. ఆ పరీక్ష తెలుగులో రాసే వీలు కల్పించమని మన సంఘం అర్జీ పెట్టాలి.

వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు ఒక మనవి. రాత్రి స్టడీ అవర్ తర్వాత అరగంట మేడ తాళం తీసి, ఒక టీచరో ట్యూటరో తోడుగా ఉండేలా చూడండి. పిల్లాడి చేతిలో వింత వస్తువు కనబడితే లాక్కునే ముందు అదేమిటని ఒక్కసారి అడగండి.

వార్షికోత్సవం రోజున నేనొక కిట్ తెచ్చి మన హాస్టల్‌కు ఇస్తున్నాను. నాది ఒక్కటే షరతు. అది స్టాకు గదిలోకి వెళ్లకూడదు. ఏప్రిల్‌లో నేను వచ్చి రిజిస్టరు చూస్తాను. అందులో చేతిరాత ఎలా ఉన్నా, ఎన్నిసార్లు 'ఏమీ రాలేదు' అని ఉన్నా నాకు సంతోషమే. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీకెందుకురా అని ఎవరైనా అడిగితే ఆ రిజిస్టరు తెరిచి చూపించండి.

— 1998-99 పదో తరగతి బ్యాచ్ పాత విద్యార్థి